తొమ్మిది హోల్స్, పార్ 27: చిన్న గోల్ఫ్ కోర్సులో కష్టం ఎక్కడుంది?

గోల్ఫ్ మొదలుపెట్టేవాళ్లకు ఎవరిని అడిగినా చెప్పే సలహా ఒకటే: ముందు పార్-3 కోర్సుకు వెళ్లండి, సులువుగా ఉంటుంది. వెళ్లమనడం వరకు మంచి సలహాయే. సులువన్న మాటే కొంప ముంచుతుంది. ప్రాక్టీసు రేంజ్‌లో బంతుల్ని 180 గజాలు బాది ధీమాగా వచ్చినవాళ్లు 80 గజాల హోల్‌లో ఏడు స్ట్రోకులు (దెబ్బలు) కొట్టి తెల్లబోవడం ఇలాంటి కోర్సుల్లో రోజూ కనిపించేదే.

ముందు రకాలు విడదీసుకుందాం. పూర్తిస్థాయి కోర్సులో 18 హోల్స్, అంటే బంతి మొదట కొట్టే చోటు నుంచి గుంత దాకా ఉండే 18 భాగాలు, ఉంటాయి. మొత్తం పొడవు 6,000 నుంచి 7,000 గజాలు, పార్ (మంచి ఆటగాడికి పట్టాల్సిన స్ట్రోకుల లెక్క) 70 నుంచి 72. ఆట ముగిసేసరికి నాలుగు గంటల పైమాటే. పార్-3 కోర్సులో ప్రతి హోల్‌కూ పార్ 3. మామూలుగా తొమ్మిది హోల్స్, పార్ 27, ఒక్కో హోల్ 60 నుంచి 150 గజాలు. గంటన్నరలో అయిపోతుంది. ఈ రెండింటికీ నడుమ ఉన్నదాన్ని అమెరికాలో ఎగ్జిక్యూటివ్ కోర్సు అంటారు. అందులో ఎక్కువగా పార్-3లే ఉంటాయి, మధ్యలో కొన్ని పొట్టి పార్-4లు తగులుతాయి. అన్నిటికంటే చిన్నది పిచ్ అండ్ పట్. ఐర్లాండ్‌లో దీన్ని విడి ఆటగానే ఆడతారు. రెండు మూడు క్లబ్బులు (గోల్ఫ్ కర్రలు) చేతపట్టుకుని వెళ్తే చాలు.

ఇవి పిల్లలకూ కొత్తవాళ్లకూ మాత్రమే కట్టినవన్న అభిప్రాయం ఒకటుంది, అది నిజం కాదు. మాస్టర్స్ టోర్నమెంట్ జరిగే ఆగస్టా నేషనల్‌లోనే 1958 నుంచి తొమ్మిది హోల్స్ పార్-3 కోర్సు ఉంది. 1960 నుంచి మాస్టర్స్ వారంలో బుధవారం నాడు దాని మీద పోటీ పెడుతున్నారు. ఆ పోటీ గెలిచినవాడు అదే ఏడాది మాస్టర్స్ గెలిచిన దాఖలా లేదు, అది వేరే సరదా. నార్త్ కరోలినాలోని పైన్‌హర్స్ట్‌లో కోర్సుల డిజైనర్ గిల్ హాన్స్ గీసిన ది క్రేడిల్ అనే పార్-3 కోర్సును 2017లో తెరిచారు. తొమ్మిది హోల్స్ కలిపి 789 గజాలే. ఆరెగాన్‌లోని బాండన్ ప్రిజర్వ్‌లో 13 హోల్స్ ఉంటాయి, అన్నీ పార్-3లే. టైగర్ వుడ్స్ చిన్నప్పుడు ఆడుతూ పెరిగింది కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో ఉన్న హార్ట్‌వెల్ అనే 18 హోల్స్ పార్-3 కోర్సులో. నగరపాలక సంస్థలు నడిపే ఇలాంటి కోర్సులు అమెరికాలో చాలా ఊళ్లలో ఉన్నాయి. అక్కడి తెలుగువాళ్లు మెంబర్‌షిప్ గొడవ లేకుండా, క్లబ్బులు అద్దెకు తీసుకుని ఆట మొదలుపెట్టగలిగేది వీటిలోనే. మన దగ్గర గోల్కొండ కోట పక్కనున్న నయాఖిలా, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్, విశాఖ ఈస్ట్ పాయింట్ పూర్తిస్థాయి కోర్సులు. కింద చెప్పేది వాటిలోని పార్-3 హోల్స్‌కూ పనికొస్తుంది.

కష్టం ఎక్కడికి జరిగింది

పార్ 3 అంటే ఒక షాట్‌తో గ్రీన్ (గుంత చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి) మీదికి చేరడం, రెండు పట్‌లతో (బంతిని నేల మీద దొర్లించే దెబ్బలతో) గుంతలో వేయడం. కోర్సు చిన్నదైతే అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్ డ్రైవర్ అవసరం పోతుంది, దానితోపాటు బంతి పొదల్లోకి వంకర తిరిగే బాధా చాలావరకు పోతుంది. మిగిలేది 100 గజాల లోపలి ఆట. పెద్ద కోర్సులో కూడా స్కోరు అక్కడ చెడుతుంది. కాకపోతే పెద్ద కోర్సులో నాలుగు మంచి డ్రైవ్‌లు ఆ సంగతిని కప్పిపెడతాయి, ఇక్కడ కప్పడానికి ఏమీ ఉండదు. ప్రతి షాట్‌కు ముందూ ఒకే ప్రశ్న: బంతి ఎక్కడ పడాలి, పడ్డాక ఎంత దొర్లాలి?

అందుకని కొత్తవాళ్లు స్కోరు కార్డు మీద ఉన్న 27ను మొదటి కొన్ని నెలలు మర్చిపోవడం మేలు. టీ షాట్ (హోల్ మొదట కొట్టే షాట్) ఒకటి గ్రీన్‌కు కాస్త తక్కువగా, ఇంకొకటి గ్రీన్ అంచుకు, ఒక చిప్ (గ్రీన్ పక్క నుంచి కొట్టే చిన్న షాట్), రెండు పట్‌లు కలిపితే 5. తొమ్మిది హోల్స్‌కు 45. ఇది సొంత పార్. ఆరు కొట్టినా బంతి గుంతలో పడకపోతే బంతి తీసేసి 6 రాసుకుని తర్వాతి హోల్‌కు నడవండి. వెనక జనం ఆగరు, మనకూ చిరాకు పెరగదు.

సంచిలో ఏముండాలి

నిబంధనల ప్రకారం 14 క్లబ్బుల దాకా తీసుకెళ్లొచ్చు. ఇక్కడ ఐదు చాలు: 7 ఐరన్, 9 ఐరన్, పిచింగ్ వెడ్జ్, శాండ్ వెడ్జ్, పటర్. కొత్తగా ఆడే మగవాళ్లు 7 ఐరన్‌తో సుమారు 120-130 గజాలు, 9 ఐరన్‌తో 100, పిచింగ్ వెడ్జ్‌తో 85-90, శాండ్ వెడ్జ్‌తో 65 గజాలు కొడతారు. ఆడవాళ్లకు ఇందులో మూడింట రెండు వంతులతో లెక్క మొదలుపెట్టొచ్చు. ఇవి బంతి గాలిలో ప్రయాణించే దూరాలు, దొర్లింది కలపలేదు. రేంజ్‌లో బంతి ఆగిన చోటు చూసి "నా వెడ్జ్ 110 పోతుంది" అని రాసుకున్నవాళ్లు కోర్సులో గ్రీన్ ముందున్న ఇసుక గుంటలో, అంటే బంకర్‌లో దిగుతారు.

సెట్ కొనేటప్పుడు ఒక మెలిక గమనించాలి. పాత సెట్లలో పిచింగ్ వెడ్జ్ లాఫ్ట్ (క్లబ్ ముఖం వాలు) 48 డిగ్రీల దాకా ఉండేది. ఇప్పటి సెట్లలో చాలావాటికి 43-45 మాత్రమే. క్లబ్ దూరం పోతున్నట్టు అనిపించాలని లాఫ్ట్ తగ్గించుకుంటూ వచ్చారు. శాండ్ వెడ్జ్ మాత్రం 54-56 దగ్గరే ఉండిపోయింది. దాంతో రెండింటి మధ్య పది డిగ్రీల ఖాళీ, అంటే 20-25 గజాల ఖాళీ ఏర్పడింది. పార్-3 కోర్సులో కొన్ని హోల్స్ ఆ ఖాళీలోనే పడతాయి. 50 డిగ్రీల గ్యాప్ వెడ్జ్ ఒకటి కొంటే ఆ ఖాళీ పూడుతుంది. కొనకుండా పూడ్చే దారి సగం స్వింగ్, దాని సంగతి కింద ఉంది.

బంతులు ఆరైనా ఉంచుకోండి. ఖరీదైనవి వద్దు, రెండు పొరల మామూలు బంతి చాలు. పెన్నుతో ఏదైనా గుర్తు పెట్టుకోండి. పక్క పక్క హోల్స్‌లో అదే కంపెనీ బంతితో నలుగురు ఆడుతుంటారు, వేరేవాళ్ల బంతి కొడితే రెండు స్ట్రోకుల పెనాల్టీ.

టీ దగ్గర

రెండు టీ గుర్తుల మధ్య, వాటి గీతకు వెనకగా రెండు క్లబ్ పొడవుల లోపల బంతి ఎక్కడైనా పెట్టుకోవచ్చు. గీత దాటి ముందు పెట్టకూడదు. ఐరన్‌తో కొట్టినా టీ పుల్ల వాడండి, అది అనుమతించిన సౌకర్యం. పుల్లను నేలలోకి బాగా దించి, బంతి గడ్డి కొసల కంటే అర సెంటీమీటరు మాత్రం పైన ఉండేలా పెట్టాలి. ఎత్తు ఎక్కువైతే క్లబ్ బంతి కిందుగా జారిపోతుంది, బంతి నిట్టనిలువుగా లేచి సగం దూరంలో పడుతుంది. బంతి దానంతటదే టీ మీంచి దొర్లి పడితే మళ్లీ పెట్టుకోవచ్చు, లెక్కలోకి రాదు. కొట్టాలనే ఊపి బంతికి తగలకపోతే మాత్రం అది ఒక స్ట్రోకే.

రద్దీగా ఉండే కోర్సుల్లో గడ్డి బదులు రబ్బరు మ్యాట్ వేస్తారు. మ్యాట్ అబద్ధం చెబుతుంది. బంతికి రెండంగుళాలు వెనక తగిలినా క్లబ్ మ్యాట్ మీద జారి బంతిని ముందుకు తోస్తుంది, షాట్ బాగానే వచ్చినట్టుంటుంది. అదే ఊపు గడ్డి మీద ఊపితే క్లబ్ మట్టిలో దిగి ఆగిపోతుంది. మ్యాట్ మీద షాట్ బాగుందో లేదో చప్పుడే చెబుతుంది. ముందు బంతి 'టక్'మని, తర్వాత మ్యాట్ మోగితే సరైన దెబ్బ. ముందే 'ధబ్'మంటే కాదు.

కార్డు మీద రాసిన దూరం మామూలుగా గ్రీన్ నడిమధ్యకు. చాలా చోట్ల ఎర్ర జెండా ఉంటే గుంత ముందువైపు, తెల్లది మధ్యలో, నీలం వెనకవైపు. గ్రీన్ లోతు 25 గజాలుంటే ముందు జెండాకూ వెనక జెండాకూ రెండు క్లబ్బుల తేడా ఉంటుంది. అయినా కొత్తవాళ్లు జెండా రంగు చూసి క్లబ్ మార్చకపోవడమే లాభం. ఎప్పుడూ గ్రీన్ మధ్యకే ఆడండి. 12 గజాలు తక్కువైనా ఎక్కువైనా గ్రీన్ మీదే ఉంటారు. అందరూ చేసేది ఒకటే తప్పు, అద్భుతంగా తగిలితే ఎంత పోతుందో ఆ దూరానికి క్లబ్ తీయడం. పదింటిలో ఆరు సార్లు పోయే దూరానికి తీయాలి.

ఎదురుగాలి గంటకు 16 కిలోమీటర్లుంటే 100 గజాల హోల్‌ను 110గా లెక్కేసుకోండి. అదే గాలి వెనక నుంచి వీస్తే 95. తేడా సమానంగా ఉండదు, ఎదురుగాలి తీసుకునేదాంట్లో సగమే వెనకగాలి ఇస్తుంది. గ్రీన్ ఎత్తులో ఉంటే ప్రతి మూడడుగుల ఎత్తుకూ ఒక గజం కలపండి, పల్లంలో ఉంటే తీసేయండి.

సగం స్వింగ్

చిన్న కోర్సు మొత్తం నిలబడేది దీని మీదే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. ఇక్కడ చెప్పేవన్నీ కుడిచేతివాటం వాళ్లకు. ఎడమచేతివాళ్లు తిప్పి చదువుకోవాలి.

గ్రీన్ 60 గజాల దూరంలో ఉంది. పిచింగ్ వెడ్జ్ పూర్తి స్వింగ్‌కు 90 పోతుంది. కొత్తవాళ్లు చేసేది ఏమిటంటే, క్లబ్‌ను పూర్తిగా వెనక్కి ఎత్తి, కిందికి వస్తూ "ఎక్కువైపోతుందేమో" అని చేతులు సడలిస్తారు. క్లబ్ తల వేగం కోల్పోయి బంతికి వెనకే నేలను తాకుతుంది, బంతి పది గజాలు పోతుంది. దూరాన్ని వేగం తగ్గించి కాదు, వెనక్కి ఎత్తే కొలత తగ్గించి సాధించాలి. ఎడమ చేతిని గడియారం ముల్లుగా ఊహించుకోండి. తల 12, పాదాలు 6. చేయి నేలకు సమాంతరంగా వచ్చేది 9 గంటలు. దానికి తక్కువగా, చేతులు కుడి తొడ పక్కకు వచ్చేది ఏడున్నర. ఎంత వెనక్కి ఎత్తారో అంత ముందుకూ ముగించాలి. వెనక్కి పొడవుగా ఎత్తి ముందుకు పొట్టిగా ఆపితే మళ్లీ పాత జబ్బే.

పూర్తి స్వింగ్‌కు 90 గజాలు పోయేవాళ్లకు అదే వెడ్జ్‌తో 9 గంటల స్వింగ్ 60 చుట్టుపక్కల, ఏడున్నరది 35-40 ఇస్తుంది. శాండ్ వెడ్జ్‌తో ఈ రెండూ 45, 25 దగ్గర ఉంటాయి. ఇవి ఉజ్జాయింపు అంకెలు, ఎవరి లెక్క వాళ్లు రేంజ్‌లో తీసుకోవాలి. ఒక్కో స్వింగ్‌కు పది బంతులు కొట్టి, బాగా దూరం పోయిన రెండూ, చెడిపోయిన రెండూ వదిలేసి, మిగతా ఆరు పడిన చోటు చూసి కాగితం మీద రాయండి. రెండు వెడ్జ్‌లు, మూడేసి స్వింగ్‌లు, ఆరు అంకెలు. ఆ కాగితాన్ని సంచికి అంటించుకుంటే టీ మీద ఊహాగానాలుండవు.

ఇక చెడిపోయే షాట్‌ల సంగతి. ఫ్యాట్, అంటే బంతి కంటే ముందే నేల తగలడం. థిన్, అంటే క్లబ్ కింది అంచు బంతి నడుముకు తగిలి నేలబారున గ్రీన్ దాటిపోవడం. ఒకటి 10 గజాలు పోతుంది, ఇంకోటి 130 పోతుంది, అందుకని వీటికి వేర్వేరు మందులు వెతుకుతారు. జబ్బు మాత్రం ఒకటే. స్వింగ్ గుండ్రంగా వచ్చి ఎక్కడో ఒక చోట అన్నిటికంటే కిందికి దిగుతుంది. ఆ అడుగు బిందువు బంతికి రెండంగుళాలు అవతల, లక్ష్యం వైపు ఉండాలి. బరువు కుడికాలి మీద మిగిలిపోతే ఆ బిందువు వెనక్కి జరుగుతుంది. అక్కడ నేల తగిలితే ఫ్యాట్. నేల తగలకుండా క్లబ్ అప్పటికే పైకి లేస్తుంటే థిన్. క్రికెట్ ఆడి వచ్చిన మనవాళ్లలో ఇది మరీ ఎక్కువ. వెనక కాలి మీద ఉండి కింది చేత్తో బంతిని లేపడం అక్కడ సిక్సర్ ఇస్తుంది, ఇక్కడ వెడ్జ్‌కు 45 డిగ్రీల వాలు ఉండనే ఉంది, లేపే పని అదే చేస్తుంది.

సరిచేసే తీరు: బంతి రెండు పాదాల మధ్యలో. బరువులో అరవై పాళ్లు ఎడమ కాలి మీద, ఆఖరిదాకా అక్కడే. చేతులు బంతి కంటే ఒక అంగుళం ముందు. ప్రాక్టీసు గడ్డి మీద సుద్దతోనో టీ పుల్లలతోనో ఒక గీత పెట్టి, బంతి లేకుండా ఊపండి. క్లబ్ లేపిన గడ్డి పెళ్ల గీతకు ముందువైపు మొదలవ్వాలి. గీతకు వెనక మొదలవుతున్నంత కాలం బంతి జోలికి వెళ్లక్కర్లేదు.

మూడోది షాంక్. బంతి క్లబ్ తలకు కాక, తలా కర్రా కలిసే మెడకు తగిలి కుడివైపు అడ్డంగా దూసుకుపోతుంది. ఒకటి వస్తే వరసగా వస్తాయి. భయపడి ముందుకు వంగే కొద్దీ బరువు కాలివేళ్ల మీదికి పోయి మెడ ఇంకా దగ్గరవుతుంది. బరువు పాదాల మధ్యలోకి తెచ్చుకుని, నిలబడేటప్పుడు బంతిని క్లబ్ తల చివరివైపు ఎదురుగా ఉంచి రెండు చిన్న స్వింగ్‌లు చేస్తే చాలావరకు తగ్గుతుంది.

గ్రీన్ అంచున

టీ షాట్ గ్రీన్ చేరని ప్రతిసారీ చిప్ వస్తుంది, కొత్తవాళ్లకైతే తొమ్మిదింటిలో ఏడెనిమిది సార్లు. శాండ్ వెడ్జ్ తీసి బంతిని గాల్లోకి లేపాలన్న సరదా టీవీ నుంచి వచ్చింది. మధ్యలో బంకర్ లేకపోతే బంతి ఎంత తక్కువ ఎగిరితే అంత మంచిది. గ్రీన్‌కు రెండడుగుల దూరంలో, గడ్డి పొట్టిగా ఉంటే పటర్‌తోనే దొర్లించండి. నామోషీ ఏమీ లేదు.

పటర్ కుదరకపోతే ఒక పాత లెక్క ఉంది. 12లోంచి క్లబ్ నంబరు తీసేస్తే, బంతి ఎగిరిన దూరానికి ఎన్ని రెట్లు దొర్లుతుందో వస్తుంది. పిచింగ్ వెడ్జ్‌ను 10గా తీసుకోవాలి. అంటే పిచింగ్ వెడ్జ్‌తో ఒక వంతు ఎగిరితే రెండు వంతులు దొర్లుతుంది. 9 ఐరన్‌తో మూడు వంతులు, 7 ఐరన్‌తో ఐదు. ఉదాహరణకు బంతి నుంచి గుంతకు 12 అడుగులేసి నడిచారు, గ్రీన్ అంచు రెండో అడుగు దగ్గర ఉంది. పిచింగ్ వెడ్జ్ అయితే నాలుగో అడుగు దగ్గర పడాలి, ఎనిమిది అడుగులు దొర్లుతుంది. 9 ఐరన్ అయితే మూడో అడుగు దగ్గర పడాలి. రెండూ గ్రీన్ మీదే పడతాయి, తక్కువ ఎగిరేది 9 ఐరన్, కాబట్టి అది తీయండి. 7 ఐరన్ అయితే సరిగ్గా రెండో అడుగు దగ్గర, అంటే అంచు మీదే పడాలి. అక్కడ బంతి ఎటు తుళ్లుతుందో చెప్పలేం. ఈ లెక్క చదునైన, మధ్యస్థ వేగమున్న గ్రీన్‌కు సరిపోతుంది. పైకి వాలు ఉంటే ఒక నంబరు తక్కువ క్లబ్, కిందికి వాలు ఉంటే ఒక నంబరు ఎక్కువ. ఊపు పటర్ ఊపినట్టే, మణికట్టు విరవకుండా.

బంకర్‌లో మాత్రం శాండ్ వెడ్జే. క్లబ్ ముఖాన్ని కాస్త ఆకాశం వైపు తెరిచి, బంతికి రెండంగుళాలు వెనక ఇసుకలో కొట్టి, ఆపకుండా ముందుకు ముగించాలి. బంతిని లేపేది ఇసుక, క్లబ్ బంతికి తగలదు. అందుకే 10 గజాల షాట్‌కు 30 గజాల ఊపు కావాలి. భయపడి నెమ్మదిగా కొడితే బంతి అక్కడే ఉంటుంది. షాట్‌కు ముందు క్లబ్‌తో బంతి వెనక ఇసుకను తాకినా, ప్రాక్టీసు ఊపులో ఇసుక తాకినా రెండు స్ట్రోకులు పడతాయి. ఆకులు, పుల్లలు ఉంటే తీసేయొచ్చు, 2019లో ఆ నిబంధన మారింది. రెండు సార్లు కొట్టినా బయటికి రాకపోతే, రెండు స్ట్రోకులు కలుపుకుని బంకర్ బయట, బంతికీ జెండాకూ ఉన్న గీత మీద వెనక్కి వచ్చి డ్రాప్ చేసే (బంతిని చేతిలోంచి కిందికి వదిలే) వీలుంది. బయటికొచ్చాక మీ అడుగుజాడలు రేక్‌తో చదును చేయడం మీ పనే.

గ్రీన్ మీద

20 అడుగుల పట్‌లో దిశ తప్పేది ఒకటి రెండు అడుగులు. వేగం తప్పేది ఐదారడుగులు. అందుకని ఆటకు ముందు పది నిమిషాలు ప్రాక్టీసు గ్రీన్ మీద గుంత చూడకుండా, 10, 20, 30 అడుగులకు బంతి ఆగేలా కొట్టి ఆ రోజు వేగం పట్టుకోండి. ఎండ ప్రాంతాల్లో గ్రీన్స్ మీద ఎక్కువగా ఉండే బెర్ముడా గడ్డికి ఒక వాలకం ఉంటుంది. బంతి వెనక నిలబడి చూస్తే గడ్డి మెరుస్తుంటే గడ్డి వాటంలో ఆడుతున్నట్టు, బంతి వేగంగా పోతుంది. ముదురుగా, మసకగా కనిపిస్తే ఎదురు వాటం, ఇంకాస్త గట్టిగా కొట్టాలి.

జెండా కర్ర గుంతలో ఉంచే పట్ చేయొచ్చు, 2019 నుంచి దానికి పెనాల్టీ లేదు. గ్రీన్ మీది మీ బంతి అవతలివాళ్ల దారిలో ఉంటే వెనక నాణెం పెట్టి తీయండి. రెండు బంతులూ గ్రీన్ మీద ఉన్నప్పుడు పట్ చేసిన బంతి రెండోదానికి తగిలితే స్ట్రోక్ ప్లేలో (మొత్తం స్ట్రోకులు లెక్కించే ఆటలో) కొట్టినవాళ్లకు రెండు స్ట్రోకులు. పైనుంచి పడిన బంతి చేసిన గుంటను సరిచేసే పనిముట్టును అంచుల్లో గుచ్చి మధ్యలోకి నెట్టాలి. కింద నుంచి పెకలిస్తే వేర్లు తెగి ఆ చోట గడ్డి చచ్చిపోతుంది. చాలామంది శ్రద్ధగా చేసే తప్పు ఇదే.

బంతి పోతే

వెతకడానికి మూడు నిమిషాలు. అంతకుముందు ఐదు ఉండేది. కోర్సు హద్దు చూపే తెల్ల గుంజలు దాటితే, లేదా బంతి దొరక్కపోతే, ఒక స్ట్రోక్ కలుపుకుని మొదట కొట్టిన చోటికే వెళ్లి మళ్లీ కొట్టాలి. టీ నుంచి పోయిందంటే తర్వాత కొట్టేది మూడోది. అనుమానంగా ఉంటే ముందుకు కదలకముందే "ప్రొవిజనల్ కొడుతున్నా" అని పైకి చెప్పి, మొదటిది దొరక్కపోతే పనికొచ్చేలా రెండో బంతి కొట్టండి. ఎర్ర గుంజల నీళ్లలో పడితే ఒక స్ట్రోక్‌తో, బంతి ఆ గీత దాటిన చోటు నుంచి రెండు క్లబ్ పొడవుల లోపల, గుంతకు దగ్గర కాకుండా డ్రాప్ చేయొచ్చు. పసుపు గుంజలకు ఆ పక్క వెసులుబాటు లేదు, నీటికి వెనక్కి రావాలి. సిమెంటో తారో వేసిన నడక దారి మీదో, స్ప్రింక్లర్ మీదో ఆగితే పెనాల్టీ లేకుండా పక్కకు తీయొచ్చు. డ్రాప్ ఎప్పుడూ మోకాలి ఎత్తు నుంచి.

చిన్న కోర్సుల్లో హోల్స్ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. షాట్ పక్కకు పోతే మొహమాటం లేకుండా గట్టిగా "ఫోర్" అని అరవాలి. ఆ అరుపు మీకు వినిపిస్తే అటు తిరిగి చూడకుండా తల చేతులతో కప్పుకుని వంగాలి. ముందువాళ్లు గ్రీన్ దిగేదాకా, "నేను అంతదూరం కొట్టనులే" అనుకున్నా సరే, ఆగాల్సిందే. 45 గ్రాముల గట్టి బంతి అది. సంచిని గ్రీన్‌కు ఇవతల కాక, తర్వాతి టీ ఉన్న వైపు పెట్టుకుంటే మళ్లీ వెనక్కి నడవాల్సిన పని తప్పుతుంది. స్కోరు రాసుకోవడం తర్వాతి టీ దగ్గర. వంతుల కోసం ఎదురుచూడక సిద్ధంగా ఉన్నవాళ్లు కొట్టేయొచ్చు, నిబంధనల పుస్తకమే దాన్ని ప్రోత్సహిస్తోంది.

కార్డు చదవడం

మొత్తం స్కోరు ఒక్కటే రాసుకుంటే ఏమీ తెలియదు. ప్రతి హోల్ పక్కన పట్‌లు ఎన్నో విడిగా రాయండి. 52 కొట్టారనుకుందాం. టీ షాట్లు 9, పట్‌లు 22, పెనాల్టీలు లేవు. మిగిలిన 21 గ్రీన్ చుట్టుపక్కల కొట్టినవి. ప్రతి హోల్‌లో గ్రీన్ తప్పి, ఒకే చిప్‌తో గ్రీన్ మీదికి వచ్చి, రెండు పట్‌లు చేసి ఉంటే 36. 36కూ 52కూ ఉన్న తేడా 16లో పట్‌లది 4, చిప్‌లది 12. ఈ మనిషి కొత్త పటర్ కొనడం దండగ. వారంలో ప్రాక్టీసుకు ఉన్న గంటలో 45 నిమిషాలు చిప్, సగం స్వింగ్‌లకే పెట్టాలి. పట్‌లు 27 దాటితే లెక్క తిరగబడుతుంది.

ఈ స్కోర్లు హ్యాండిక్యాప్‌కు (ఆటగాడి స్థాయిని చూపే అంకెకు) పనికిరావని ఒకప్పుడు వదిలేసేవాళ్లు. 2024లో ప్రపంచ హ్యాండిక్యాప్ విధానం సవరించినప్పుడు తొమ్మిది హోల్స్‌కు 750 గజాలు, 18కి 1,500 గజాలు ఉన్న కోర్సుకు కూడా రేటింగ్ (కష్టాన్ని కొలిచే అంకె) ఇవ్వొచ్చన్నారు. మీరు ఆడే కోర్సుకు రేటింగ్ ఉందో లేదో కౌంటర్‌లో అడగండి. ఉంటే, 54 హోల్స్ స్కోర్లు, అంటే తొమ్మిదేసి చొప్పున ఆరు ఆటలు, నమోదు చేస్తే హ్యాండిక్యాప్ వస్తుంది. గరిష్ఠం 54.0 కాబట్టి ఎంత కొత్తవాళ్లైనా అందులో చోటుంటుంది. వరసగా మూడు ఆటల్లో 45 లోపు వచ్చాక ఎగ్జిక్యూటివ్ కోర్సుకు, అన్నిటికంటే ముందున్న టీ నుంచి వెళ్లొచ్చు. డ్రైవర్ సంగతి అప్పుడు చూసుకోవచ్చు.